పత్రముల వడపోత – హద్దు నిర్ణయము

జల్లెడ కన్నులు ఎంతెంత యుండవలయునో నిర్ణయించినవారే పిండి యెట్లుండవలయునో నిర్ణయించినవారగుదురు. కన్నులు పెద్దవైనచో పొట్టును, నూకయు పిండితోపాటు దిగును. మిక్కిలి చిన్నవైనచో మంచి పిండియు జల్లెడలోనే నిలిచి పొట్టుతోపాటు పారవేయబడును. ఈ విషయము మన యిండ్లలో తల్లులందరును ఎఱిగినదే.

నేడు పత్రములను, పుస్తకములను, అంతర్జాలపు పుటలను జల్లించు పని చాలవరకు కంప్యూటర్లకు అప్పగింపబడినది. ఆ జల్లెడ కన్నులను ఎవరు కొలుచుచున్నారు, ఏ కొలబద్దతో కొలుచుచున్నారు అను ప్రశ్న శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు. తెలుగునాటికి వెలుపల, చూలై వంటిచోట, తెలుగు చదువుకొను పిల్లలకును వారి తల్లిదండ్రులకును దీనితో సన్నిహిత సంబంధము కలదు. ఆ సంబంధ మెట్టిదో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వడపోత యనగా నేమి?

చూలైకి అనతిదూరమున ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయము కలదు. అది 1896వ సంవత్సరమున ప్రారంభింపబడినది. 1954నాటి గ్రంథ సమర్పణ చట్టమును అనుసరించి భారతదేశమున అచ్చగు గ్రంథముల ప్రతులను అందుకొను నాలుగు గ్రంథాలయములలో నిది యొకటి. అచట మంచి పుస్తకము, చెడ్డ పుస్తకము అను విచక్షణ లేదు. వచ్చిన దానిని భద్రపఱచుటయే విధి. కాని చదువరికి అన్నియు చదువుటకు ఆయువు చాలదు. కావున భద్రపఱచుట యొక పని, ఏరి యిచ్చుట మఱియొక పని. ఈ రెండవ పనినే మేమిచట వడపోత యనుచున్నాము.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతిగా 1924లో నియుక్తులైన శియాళి రామామృత రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించిరి. ప్రతి పుస్తకమునకును దాని చదువరి లభింపవలయునని అందొక సూత్రముయొక్క భావము. చదువరి కాలము వ్యర్థము కారాదని మఱియొక సూత్రముయొక్క భావము. వడపోతలోని చిక్కంతయు ఈ రెండు సూత్రముల నడుమనే యున్నది. మొదటిది జల్లెడ కన్నులను పెద్దవి చేయుమనును. రెండవది చిన్నవి చేయుమనును.

యంత్రముచే నీ పని చేయించు ఆలోచనను 1958లో ఐబిఎం సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ విపులముగా వివరించెను. గ్రంథాలయమున చదువరి ప్రశ్నతో వచ్చును, పుస్తకములు కదలక నిలిచియుండును. లూన్ పద్ధతిలో చదువరి యభిరుచి నిలిచియుండును, పత్రములు ప్రవాహమువలె వచ్చుచుండును. ఏ పత్రము ఎవరికి తగునో యంత్రము పోల్చి పంపును. మన నగరమునకును ఈ విద్యతో పూర్వపరిచయము కలదు. 1970 దశకపు నడిమి సంవత్సరములలో ఇన్స్‌డాక్ అను జాతీయ సంస్థవారు కెనడానుండి వచ్చిన ప్రోగ్రాముతో, ఐఐటి మద్రాసునందలి ఐబిఎం 370 కంప్యూటరుపై శాస్త్రజ్ఞులకు ఇట్టి సేవను నడపిరి. ఆ సంస్థ 2002లో నిస్కేర్ అను సంస్థలో విలీనమైనది.

ఇట్టి పద్ధతులలో మార్కు లెట్లు వేయుదురో ఒక ఉదాహరణమున చూతము. చూలై ప్రక్కనున్న పెరియమేటు తోళ్ళ వ్యాపారమునకు పేరుపొందినది. తోళ్ళు పదునుపెట్టగా మిగిలిన నీటిలోని క్రోమియమును తొలగించుటను గూర్చి పరిశోధించువా రొకరున్నారనుకొందము. వారి పేరిట ‘తోలు’ అను మాటకు 5, ‘క్రోమియము’ అను మాటకు 4, ‘మురుగునీరు’ అను మాటకు 3 మార్కులుగా నిర్ణయింతము. ఒక పత్రమున తోలు, క్రోమియము రెండును కనబడినచో 9 మార్కులు. క్రోమియము, మురుగునీరు కనబడినచో 7. తోలు మాత్రమే కనబడినచో 5. అది చెప్పుల అందమును గూర్చిన పత్రమైనను కావచ్చును. ఇక ఎన్ని మార్కులు వచ్చిన పత్రమును పంపవలయును? ఆ సంఖ్యయే హద్దు. హద్దు 7 అయినచో రెండవ పత్రము చేరును. 8 అయినచో చేరదు. ఒక్క అంకె మార్పుతో ఒక పరిశోధకుడు తనకు కావలసిన విషయమును ఎన్నడును ఎఱుగకపోవచ్చును.

రెండు విధముల తప్పులు

హద్దు ఎక్కడ గీచినను రెండు తప్పులకు అవకాశమున్నది. అక్కఱలేని పత్రము లోపలికి వచ్చుట యొకటి, కావలసిన పత్రము వెలుపల నిలిచిపోవుట మఱియొకటి. మొదటిది కంటికి కనబడును, చదువరి విసుగుకొనును. రెండవది కనబడదు, రాని పత్రమును గూర్చి ఫిర్యాదు చేయువా రెవరు? ఈ కారణముచేతనే హద్దులను నిర్ణయించువారు తఱచుగా మొదటి తప్పునకే భయపడి, హద్దును పైకి జరుపుచుందురు.

లెక్కతో చూతము. ఇవి బోధకొఱకు మేము కల్పించిన అంకెలు. వేయి పత్రములు వచ్చినవనియు, వానిలో 100 మాత్రమే ఉపయోగకరములనియు అనుకొందము. హద్దు ఎత్తుగా నున్నప్పుడు 50 పత్రములు చేరినవి, వానిలో 45 మంచివి. నడిమి హద్దునకు 120 చేరినవి, 75 మంచివి. క్రింది హద్దునకు 225 చేరినవి, 90 మంచివి. వచ్చినవానిలో మంచివి నూటి కెన్ని యనునది శుద్ధి. ఉన్న మంచివానిలో నూటి కెన్ని వచ్చిన వనునది సమగ్రత. ఎత్తు హద్దునకు శుద్ధి 90, సమగ్రత 45. క్రింది హద్దునకు శుద్ధి 40, సమగ్రత 90. ఒకటి పెరిగిన రెండవది తరుగుచున్నది.

అయినచో ఏది సరియైన హద్దు? ఈ అంకెలు మాత్రమే దానికి ఉత్తరము చెప్పజాలవు. ఒక మంచి పత్రము లభించుట మన కెంత లాభమో, ఒక పనికిమాలిన పత్రము వచ్చుట యెంత నష్టమో ముందుగా మనమే చెప్పవలయును. అమెరికాలో 1995 మొదలు 2002 వరకు ట్రెక్ అను పోటీపరీక్షలలో వడపోతకొఱకు ప్రత్యేక విభాగము నడచినది. అచట చివరి సంవత్సరములలో వాడిన కొలతలలో నొకదాని ప్రకారము మంచి పత్రమునకు 2 కూడవలయును, చెడ్డదానికి 1 తీసివేయవలయును. దానిని మన లెక్కకు అన్వయించినచో ఎత్తు హద్దునకు 85, నడిమి హద్దునకు 105, క్రింది హద్దునకు 45 వచ్చును. నడిమిదే గెలిచినది.

కాని మంచి పత్రము మిక్కిలి అరుదైనది, పోయిన మరల దొరకనిది అయినచో? దానికి 2 కాక 10 కూడుదము. అప్పుడు ఎత్తు హద్దునకు 445, నడిమి హద్దునకు 705, క్రింది హద్దునకు 765. ఇప్పుడు గెలిచినది క్రింది హద్దు. యంత్రము మారలేదు, పత్రములు మారలేదు, మార్కులు మారలేదు. పోగొట్టుకొనినదాని విలువ మాత్రమే మారినది.

దీనికొక చిన్న సూత్రము కలదు. మంచిదానికి 2, చెడ్డదానికి 1 అయినచో, ఒక పత్రము మంచిదగుటకు మూడింట ఒక వంతు కంటె ఎక్కువ అవకాశమున్నప్పుడు పంపుట లాభము. మంచిదానికి 10 అయినచో పదునొకండింట ఒక వంతు దాటిన చాలును. మన లెక్కలో నడిమి హద్దునుండి క్రింది హద్దునకు దిగినప్పుడు క్రొత్తగా వచ్చినవి 105 పత్రములు. అందు మంచివి 15, అనగా ఏడింట ఒక వంతు. మొదటి కొలత ప్రకారము ఈ దిగుట నష్టము, రెండవ కొలత ప్రకారము లాభము. హద్దును పరీక్షించువారు మొత్తమునుగాక హద్దున కానుకొనియున్న పత్రములనే చూడవలెననుటకు కారణ మిదియే.

మార్కు నమ్మదగినదా?

ఇచట నొక జాగ్రత్త అవసరము. యంత్రము 0.9 మార్కు వేసినంతమాత్రమున అట్టి పత్రములు నూటికి తొంబది మంచివని అర్థము కాదు. మార్కు ఒక వరుసను చూపును, అంతే. ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడు చేయి బిగించి మార్కులు వేయును, మఱియొకడు ధారాళముగా వేయును. ఇద్దరి చేతి 60 మార్కులును ఒకటి కావు. అట్లే ఒకే యంత్రము వేయు 0.7 మార్కునకు ఆంగ్లమున నొక అర్థము, తెలుగున నొక అర్థము, మఱియొక చిన్న భాషయం దింకొక అర్థము ఉండవచ్చును.

మఱియొక చిక్కు: హద్దు మిక్కిలి ఎత్తుగా నున్నచో ఏ పత్రమును చేరదు. చేరనిదానిని గూర్చి చదువరి మంచిచెడ్డలు చెప్పజాలడు. చెప్పనిచో యంత్రము నేర్చుకొనజాలదు. ఇట్లు మౌనమే మౌనమును పెంచును. కావున చదువరి యభిప్రాయమునుబట్టి హద్దును సవరించుకొను పద్ధతులలో, ఆరంభమున హద్దును కొంత తగ్గించి, కొన్ని పత్రములైనను చేరునట్లు చేసి, తరువాత క్రమముగా సవరింతురు.

ఆంగ్లపు కొలబద్ద, తెలుగు పుట

ఇప్పుడు మన సొంత విషయమునకు వత్తము. కంప్యూటర్లకు భాష నేర్పుటకై నేడు అంతర్జాలపు పుటలను కోట్ల సంఖ్యలో సేకరించి వడపోయుచున్నారు. అనువాదము చేయు యంత్రములును, ప్రశ్నలకు జవాబు చెప్పు యంత్రములును ఈ వడపోతలో మిగిలిన పుటలనుండియే భాషను నేర్చును. జల్లెడ దాటని తెలుగు వానికి తెలియని తెలుగగును.

మొదటి జల్లెడ భాషను గుర్తించునది. గూగుల్ వారు 2019లో ఆంగ్లమునకై సిద్ధపఱచిన సి4 అను సంపుటిలో, పుట ఆంగ్లమేయని 0.99 మార్కు వచ్చిననే తీసికొనిరి. అనేక భాషలకై 2020లో సిద్ధమైన ఎంసి4 సంపుటిలో హద్దు 0.70. ఫేస్‌బుక్ వారి సిసినెట్ అను పద్ధతిలో 0.5. ఆంగ్లపు పుటలు సముద్రమువలె నున్నవి గనుక కొన్ని లక్షలు పోయినను ఎవరికిని లోటు లేదు. అదే కాఠిన్యమును పుటలు తక్కువగా నున్న భాషకు చూపినచో మిగులునది స్వల్పమగును.

రెండవ జల్లెడ గుణమును చూచునది. డీప్‌మైండ్ వారు 2021లో గోఫర్ అను నమూనాకొఱకు ఆంగ్లపుటలకు కొన్ని నియమములను వాడిరి. పుటలో 50 మాటలకు తక్కువ కారాదు, మాట సగటు నిడివి 3 నుండి 10 అక్షరముల లోపల నుండవలయును, మొదలైనవి. ఆంగ్లమునకు అవి తగినవే. వానినే మార్పు లేక తెలుగునకు వర్తింపజేసినచో నేమగునో చూడుడు. ‘వెళ్ళవలసివచ్చినప్పుడు’ అను మాటను తీసికొందము. మన కంటికి అందు 10 అక్షరములు. కంప్యూటరు హల్లులను, గుణింతపు గుర్తులను, పొల్లులను వేఱువేఱుగా లెక్కించి 21 గుర్తు లనును. యూటీఎఫ్–8 అను పద్ధతిలో దానిని దాచుటకు 63 బైట్లు కావలయును. ఆంగ్లమున మూడు నాలుగు మాటలుగా విడివడు అర్థము మనకు ఒక్క మాటలో నిమిడినది. ఇట్టి మాటలు నిండిన చక్కని తెలుగు పుట, మాటలు తక్కువయనియు, ఒక్కొక్కటి మిక్కిలి పొడవనియు, రెండు నేరములకు ఒకేసారి శిక్షింపబడవచ్చును.

మూడవ జల్లెడ ఇంకను సూక్ష్మమైనది. సిసినెట్ పద్ధతిలో వికీపీడియా భాషను మేలుబంతిగా నుంచి, ప్రతి పుటయు దాని కెంత దగ్గఱగా నున్నదో కొలుచుదురు. అయితే ఆ పద్ధతివారు ఒక వివేకమును చూపిరి. అన్ని భాషలకు ఒకే అంకెను విధింపక, ఏ భాషకు ఆ భాష పుటలను మూడు సమభాగములుగా విభజించునట్లు హద్దులను నిర్ణయించిరి. అయినను మేలుబంతి వికీపీడియాయే గదా! బామ్మ చెప్పిన కథ, వీథి బేరము, పిల్లల ఉత్తరము దానికి దూరముగా నుండును. ‘అక్క కడైకి పోయి పాలు తెచ్చింది’ అని చెన్నపట్టణపు తెలుగు పిల్ల వ్రాసినచో, ‘కడై’ అను తమిళపు మాటనుబట్టి మార్కు తగ్గవచ్చును. కాని అది తెలుగు కాదనుట కెవరికి సాహసము కలదు? తరతరములుగా తమిళుల నడుమ జీవించుచు నిలుపుకొనిన తెలుగు అది.

ఇంతమాత్రమున చిన్న భాషలకు హద్దును తగ్గించివేసిన చాలునని తలపరాదు. పది లక్షల పుటలలో ఒక చిన్న భాషకు చెందినవి 100 మాత్రమే యున్నవనుకొందము. యంత్రము వేయింట ఒక్కసారి మాత్రమే పొరపడి ఇతర పుటలను ఆ భాషవిగా చెప్పినను, సుమారు వేయి పరాయి పుటలు వచ్చి చేరును. అసలైనవి నూటికి పది కూడ నుండవు. ఇది ఊహ మాత్రమే కాదు. 2022లో ప్రచురింపబడిన యొక పరిశోధనలో 205 భాషా సంపుటములను, ఆయా భాషలను పరిశీలింపగలవారిచే చదివించి చూడగా, కనీసము 15 సంపుటములలో పనికివచ్చు వాక్యమే లేకపోయెను. చెత్తతో నిండిన సంపుటము భాషకు గౌరవము కాదు, అపచారము.

తెలుగునకు ఒక అదృష్టము కలదు. మన లిపి మనకు కాపలా. సంస్కృతము, గోండీ, కోయ వంటి భాషలనుగూడ తెలుగు లిపిలో వ్రాయుట కలదుగాని, తెలుగు లిపిలో నున్న పుటను గుర్తించుట యంత్రమునకు చాలవరకు సులభము. నేటి యువకులు సంక్షిప్త సందేశములలో వాడు రోమను లిపి తెలుగునకు ఈ కాపలా లేదు. ఇచట ఐఐటి మద్రాసునందలి ఎఐ4భారత్ వారు 2023లో ప్రకటించిన ఇండిక్‌లిడ్ అను సాధనము చూపిన మార్గము గమనింపదగినది. రోమను లిపి వాక్యమును ముందుగా వేగముగా పనిచేయు చిన్న పరీక్షకుడు చూచును. అతని మార్కు హద్దును దాటినచో సరి. దాటనిచో వాక్యము పారవేయబడదు, నిదానముగా పరిశీలించు పెద్ద పరీక్షకుని యొద్దకు పోవును. హద్దు ఇచట తలుపు మూయుటకు గాక, మరల చూచుటకు ఉపయోగపడుచున్నది.

హద్దును నిర్ణయించు విధము

మా అభిప్రాయమున ఎవరైనను పాటింపదగిన క్రమ మిది. మొదట, ఏ భాషకు ఆ భాషలో, అన్ని మార్కుల శ్రేణులనుండియు కొన్ని పుటలను చీటీలు వేసినట్లు యాదృచ్ఛికముగా తీయవలయును. రెండవది, ఆ భాష తెలిసినవారు మార్కు చూడకయే వానిని చదివి ‘ఔను’, ‘కాదు’ అని వ్రాయవలయును. మార్కు ముందే చూచినచో మనస్సు దానికి లొంగిపోవును. మూడవది, శ్రేణులవారీగా మంచివి ఎన్నో లెక్కించి, పోగొట్టుకొనుట యెంత నష్టమో నిర్ణయించుకొని హద్దు గీయవలయును. నాలుగవది, గీతకు సరిగా దిగువనున్న పుటలను మరల చదివి, ఏ యొక్క వర్గమువారి వ్రాతయైనను, ఒక ప్రాంతపు యాసగాని, పిల్లల రచనగాని, పద్యముగాని, అచటనే గుమిగూడి యున్నదేమో చూడవలయును. ఐదవది, త్రోసివేసిన పుటలను వాని మార్కులతో సహా భద్రపఱచవలయును. నేడు కఠినమని తోచిన హద్దును రేపు తగ్గింపవచ్చును. తగులబెట్టినదానిని తిరిగి తేలేము.

ఇందు రెండవదియు నాలుగవదియు యంత్రము చేయగల పనులు కావు. చెన్నపట్టణపు తెలుగు పుటను చదివి ఇది మా తెలుగే యని చెప్పగలవారు చెన్నపట్టణపు తెలుగువారే. నూఱు పుటలు చదువుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. చదువ నేర్చియుండుట, ఓపిక, నిజాయితీ యున్న చాలును. ఉన్నత తరగతుల విద్యార్థులు పదిమంది కూడి, తలకు ఇరువది పుటలుగా పంచుకొని, ఒక్కొక్క పుటను ఇద్దరు చూచునట్లు ఏర్పఱచుకొనినచో, ఒక సెలవుదినమున ముగింపవచ్చును. ఇద్దరును విభేదించిన పుటలను కూర్చుండి చర్చించినచో, తెలుగు అనగా నేమి అను ప్రశ్నకు ఏ వ్యాకరణమును చెప్పనంత చక్కని పాఠము అచట లభించును.

హద్దు గీయువాడు తెలిసియో తెలియకయో ఒక తీర్పు చెప్పుచున్నాడు. ఆ తీర్పువలన నష్టపోవువారికి అందు మాట యుండుట న్యాయము. అల్పసంఖ్యాకులమైన మనము తెలుగును నిలుపుకొనుటకై పాఠశాలలు పెట్టుకొంటిమి, పిల్లలచే వ్రాయించుచున్నాము. ఆ వ్రాతలు రేపటి యంత్రముల జల్లెడలో ఎచట నిలుచునో గమనించుటయు ఇకమీదట మన పనులలో నొకటి. అందుకు తగిన లెక్కయు, భాషయు, రెండును మన పిల్లలు నేర్తురుగాక!